మోచేత్తోటి

ఆ పాట నాకు పదకొండేండ్ల సంది తెలుసు.
పెన్‌డ్రైవుల రెండో ఫోల్డరు, నాలుగో నంబరు.
ధర్మాబాదు నుంచి ఉమ్రి దాక, కుండల్వాడి దాక
నేను బాక్సులు కట్టిన ఏ బరాతు
అది లేకుండ పెండ్లింటి గడప తొక్కలే.
"దగ్గరికి రాకే పిల్లా, నా చేతుల నిప్పులున్నయి"
మొగోని గొంతు, కింద డప్పు, నడుమ ఈలలు.
పెండ్లికొడుకు దోస్తులు అంగీ గుండీలిప్పి
ఒకని భుజం మీద ఒకడెక్కి ఊగేటోళ్లు.
చేతుల నిప్పులంటే ఏందో
మాకందరికి తెలుసనే అనుకున్నం.

మొన్న మిర్చి యార్డుల హమాలీ సంఘం సభ.
తూకం కాంటా పక్కన
నాలుగు చెక్కబల్లలు కలిపి కట్టిన స్టేజి.
మూడు మరాఠీ ఉపన్యాసాలు, ఒక సన్మానం.
శాలువా కప్పుతుంటే కరెంటు పోయింది, మళ్ల వచ్చింది.
అప్పుడు కదమ్ కాక మైకు పట్టుకొని,
"ఆ నిప్పుల పాట కట్టింది మన ముత్తెవ్వనే,
ఇయ్యాల తనే పాడుతది" అన్నడు.
నేను నవ్విన.
పాటకు కట్టినోళ్లుంటరని ఎన్నడు తట్టలే.
వానకు ఉంటరా? తుమ్ముకు ఉంటరా?

వచ్చింది.
ఐదో షెడ్డుల తొడిమెలు తీసే ముత్తెవ్వ.
మైకు స్టాండు రెండు జానలు కిందికి దించిన.
"హలో అను" అంటే
"ఎవలికి?" అన్నది.

ఎత్తుకుంది, ఆగింది.
"ఊకోండ్రి, జర మీదికైంది" అని దగ్గి
మళ్ల కిందికెల్లి అందుకుంది.
డప్పు లేదు.
కాలి బొటనేలు చెక్కబల్ల మీద తాళం కొడుతుంటే
ఆ చప్పుడు కూడ మైకులకొచ్చింది.
మామూలుగనైతే కోసేస్త. కొయ్యలే.
ఎకో గుండీ మొత్తానికి తిప్పి బంద్ చేసిన.

ఎంత మెల్లగ పాడిందంటే
పాట సగంల నాందేడు ప్యాసింజరొచ్చి, నిలవడి, పోయింది.
కూత అయిపోయేదాక ఆగి
తెగిన మాట కాన్నే ముడేసుకున్నది.
ఫోనుల రికార్డు చేద్దామని తీసిన గాని
ఎందుకో మళ్ల జేబుల ఏసుకున్న.

తర్వాత పాడుడు ఆపి, ఉప్పు అడిగిన గొంతుతోని
"గీడ ఒక చరణముండె" అన్నది,
"పొడుగైతదని రికార్డోళ్లు తీసేసిన్రు."

   పుల్లమజ్జిగల ముంచిన, బూడిదల రుద్దిన
   పొద్దుగూకినా మంట దిగదాయె బిడ్డా
   నీ కండ్లనీళ్లు మోచేత్తోటి తుడుస్త
   ఏడ్వకే, ఏడ్వకే, దగ్గరికి రాకే

పిల్లంటే పిల్లనే.
పాకుకుంట తల్లి దిక్కు వస్తున్న
పది నెల్ల పిల్ల.
నిప్పులంటే
కిలోకింతని దినమంత మిరపకాయ తొడిమె తీసిన చేతులు.
పదకొండేండ్లు మేం దేనికి ఈలలేసినమో!

ముందట కూసున్న ఆడోళ్లు చప్పట్లు కొట్టలే.
ఒకామె ముక్కు చీదింది. మిర్చి ఘాటుకో, ఏమో,
ఆ యార్డుల ఎవలు దేనికి కండ్లు తుడుసుకుంటరో
ఎవలు చెప్తరు.
ఎన్కనుంచి ఒక పోరడు
"పరత్ మ్హణా మావ్‌శీ" అని ఒర్రిండు.
"మల్ల గట్లనే రాదు బిడ్డా" అన్నది. పాడింది.
రెండోసారి మజ్జిగ బదులు గంజి అన్నది.
ఏది నిజమో అడుగుదామనుకున్న, అడుగలే.
ఆమె చెయ్యి, ఆమె మంట.

దిగేటప్పుడు మైకు వైరు కాలికి తట్టుకొని
"నీ పెట్టె మంచిగున్నది బాబూ,
నేను దగ్గింది సుత అందరికి ఇనిపించింది" అన్నది.
మెచ్చుకున్నదో, తిట్టిందో.

తెల్లారి ఉమ్రిల బరాతు.
"నాలుగో నంబరు పెట్టు" అన్నరు. పెట్టిన.
పొట్టకూటి పని, పెట్టక ఏం జేస్త.
మొగోని గొంతు మొదలైంది, ఈలలు మొదలైనయి.
చరణం ఉండాల్సిన కాడ
రెండు డప్పుల సందున
ఆవాజ్ గింత తగ్గించిన.
"ఏమైందన్నా, బాక్సు పోయిందా?" అని ఒకడడిగిండు.
"ఏం కాలే" అన్న.
మళ్ల పెంచిన.